పాత డీఎస్ఐ గేమ్ మళ్లీ తెరుచుకుంది

మా అక్క కూతురు "మామా, కొత్త మెషీన్‌లో నా గేమ్ రావట్లేదు" అంది. పాత నింటెండో డీఎస్ఐ (చేతిలో పట్టుకుని ఆడే గేమ్ మెషీన్) బ్యాటరీ ఉబ్బిపోయి మూలనపడింది. దాంట్లోంచి ఎస్డీ కార్డులోకి ఎప్పుడో తీసిపెట్టుకున్న గేమ్ ఫైలును, సెకండ్‌హ్యాండ్‌లో కొన్న ఇంకో డీఎస్ఐలో పెట్టాం. ససేమిరా తీసుకోలేదు. కార్డు పాడైపోయిందేమో అని నాకూ టెన్షన్.

కార్డుది తప్పు కాదు. డీఎస్ఐ గేమును కార్డులోకి పంపేటప్పుడు ఆ మెషీనుకే సొంతమైన కీతో తాళం వేస్తుంది. లోపలి డేటాను 128 కేబీ ముక్కలుగా ఎన్‌క్రిప్ట్ చేసి (రహస్య కోడ్‌లోకి మార్చి), ఒక్కో ముక్క చివర అది మారలేదని సరిచూసే 16 బైట్ల గుర్తు పెడుతుంది. పైగా ఫైల్లో తన డిజిటల్ సంతకం కూడా చేస్తుంది. ఇంకో మెషీన్ దగ్గర ఆ కీ ఉండదు కదా, ఎలా తెరుస్తుంది?

కాబట్టి పాతదాన్నే బతికించాలి. గాంధీ రోడ్డులో ఒక రిపేర్ కొట్టులో కొత్త బ్యాటరీ వేయించాను. బైరాగిపట్టెడలోని ఇంటికొచ్చి, సెట్టింగ్స్‌లో డేటా మేనేజ్‌మెంట్‌కి వెళ్లి, ఫైలును మెషీన్ మెమరీలోకి కాపీ చేశాను. డీఎస్ఐలో ఇలాంటి గేమ్ ఎస్డీ కార్డు మీద నుంచి నేరుగా నడవదు, లోపలికి తేవాల్సిందే. పాప ఆగిన చోటు నుంచే మొదలైంది!

తెలుసుకుందామని కంప్యూటర్లో ఇంకో కాపీ తీసి, మధ్యలో ఒక్క బైట్ మార్చి చూశాను. దాన్ని సొంత మెషీన్ కూడా తీసుకోలేదు. అసలు కాపీ మాత్రం రెండు చోట్ల భద్రంగా దాచాను.