రోకలిబండను గుర్తుపట్టడం – మూడో పాఠం: వలయాల లెక్క, కుబుసం

పోయిన పాఠంలో జెర్రికీ రోకలిబండకీ (బోలెడు కాళ్లతో మెల్లగా పాకే పురుగు, ఇంగ్లీషులో మిల్లిపీడ్) తేడా చూశాం. ఇప్పుడు రోకలిబండ ఒంటి వలయాలు లెక్కపెడదాం. తిరుపతి చుట్టుపక్కల అక్టోబరు, నవంబరు వానలు దీనికి మంచి అదను. మామిడిచెట్టు మొదట్లో కుళ్లిన ఆకు తిరగేసి చూడండి. మందు కొట్టిన తోట మాత్రం వద్దు. తలకోన వైపు వెళ్తే ఫొటోతోనే సరిపెట్టుకోండి. అది శ్రీవేంకటేశ్వర నేషనల్ పార్కు, పురుగునైనా తేకూడదు.

పక్కనుంచి ఫొటో తీసి, పెద్దది చేసి లెక్కపెట్టండి. తల వెనక కాలరులా ఉండేదే ఒకటో వలయం, దానికి కాళ్లుండవు. 2, 3, 4 వలయాలకు ఒక్కో జత. 5 నుంచి చాలా రకాల్లో రెండేసి జతలు. కాలరును వదిలేసి లెక్క మొదలుపెడితే ఏడో వలయం తప్పిపోతుంది, మనకు కావలసింది అదే. లావుపాటి గుండ్రటి రకాల్లో ఎదిగిన మగదానికి ఏడో వలయంలో నడిచే కాళ్లుండవు; అవి సంగమానికి పనికొచ్చే అవయవాలుగా మారి లోపలికి ముడుచుకుంటాయి. కిందినుంచి చూస్తే కాళ్ల వరుసలో ఖాళీ కనబడుతుంది. ఆడదానికి వరుస తెగదు. చిన్న మగపిల్లకూ తెగదు కాబట్టి పిల్లల్లో ఆడామగా తేల్చకండి.

తోక దగ్గర కాళ్లు లేని వలయాలు కొన్ని ఉంటాయి. పెరుగుదల అక్కడే. గుడ్డులోంచి వచ్చిన పిల్లకు సాధారణంగా మూడు జతల కాళ్లే. కుబుసం విడిచినప్పుడల్లా ఆ ఖాళీ వలయాలకు కాళ్లు వస్తాయి, వాటి వెనక కొత్త ఖాళీ వలయాలు పుడతాయి.

కుబుసానికి ముందు తిండి తగ్గించి మట్టిలోకి దిగుతుంది, చిన్న గుల్ల (బోలు గది) చేసుకుని అందులో చుట్ట చుట్టుకుంటుంది. పెద్దవాటికి వారాలు పడుతుంది. చచ్చిందేమోనని తవ్వితే గుల్ల కూలుతుంది, మెత్తటి ఒళ్లు చిట్లి నిజంగానే చస్తుంది. కొత్త పెంకు పాలలా తెల్లగా ఉంటుంది. అది గట్టిపడటానికి కాల్షియం కావాలి కనుక విడిచిన కుబుసాన్నే తినేస్తుంది. తోటలో దొరికే తెల్లటి గట్టి వలయాలు చాలావరకు కుబుసాలు కావు, చచ్చినవాటి పెంకులు.

పెట్టెలో ఉంచితే మట్టి లోతు కనీసం పురుగు పొడవంత: 15 సెంటీమీటర్ల పురుగుకు 15 సెంటీమీటర్లు. పుచ్చిన కట్టె, ఎండాకు, గుడ్డుపెంకుల పొడి కలపండి. గుప్పిట్లో పిండితే ముద్ద కట్టాలి, నీరు కారకూడదు. మట్టి ఎండితే పాత పెంకు ఊడక ఇరుక్కుంటుంది. పట్టుకున్న చేతిని కళ్లకు తగలనివ్వకండి, దాని రసం మండుతుంది, సబ్బుతో కడుక్కోండి.

తోక దగ్గర కాళ్లు లేని వలయాలు ఈ రోజు ఎన్ని ఉన్నాయో తేదీతో రాసిపెట్టండి. మట్టిలోంచి అది పైకి వచ్చి, నల్లబడ్డాక మళ్లీ లెక్కపెట్టండి.