కత్తిరి ఎండలు రాకముందే చేపల మేతలో వెల్లుల్లి, పసుపు, తిప్పతీగ

పోయినేడు మే నెలలో ఒకరోజు తెల్లవారుజామున నాలుగున్నరకు ఫోన్ మోగింది. పక్క ఊరి తమ్ముడు. "అక్కా, బొచ్చె చేపలన్నీ నోళ్లు పైకి పెట్టి గాలి మింగతా ఉండాయి. నువ్వు మేతలో ఏదో పొడి కలుపుతావే, అది రెండు కిలోలు ఉంటే ఇస్తావా?" అన్నాడు. "పొడి సంగతి తర్వాత. ముందు మోటారు వేసి నీళ్లు ఎత్తు నుంచి పడేట్టు పెట్టు. ఈరోజు మేత గింజ కూడా వెయ్యొద్దు" అన్నాను.

మూలికల గురించి అడిగే ప్రతి ఒక్కరికీ నేను మొదట చెప్పేది ఇదే. నీళ్లలో ఆక్సిజన్ లేక కొట్టుకునే చేపకు వెల్లుల్లీ పనిచెయ్యదు, పసుపూ పనిచెయ్యదు. అప్పుడు కావలసింది గాలి. మూలికల మేత పెట్టాల్సింది కష్టం రావడానికి 15 రోజుల ముందు. కత్తిరి, అంటే మండే ఎండల కాలం, మే మొదటి వారంలో మొదలవుతుంది కాబట్టి నేను ఏప్రిల్ 15కల్లా మొదలుపెడతాను. మళ్లీ అక్టోబరు మొదట్లో, వాయుగుండాలు రాకముందు. చిన్న చేపల్ని వలేసి ఇంకో గుంటలోకి మార్చాలన్నా రెండు వారాల ముందు నుంచే పెడతాను, ఎందుకంటే వల కూడా చేపకు పెద్ద టెన్షనే.

మావి పిచ్చాటూరు పక్క రెండు చేపల గుంటలు, ఒక్కోటి ఎకరం. ఒకప్పుడు చెరకు వేసిన నేల. బోరు నీళ్లే ఆధారం. శీలావతి ఎక్కువ, బొచ్చె తక్కువ, కొద్దిగా మోసు. ఈ చేపలకు నీళ్లు 28 నుంచి 32 డిగ్రీలు ఉంటే హాయి. మా పక్క మే నెలలో బయట 40 దాటుతుంది, మధ్యాహ్నం గుంటలో చెయ్యి పెడితే పైనీళ్లు గోరువెచ్చగా తగులుతాయి. నీళ్లు వేడెక్కేకొద్దీ అందులో ఆక్సిజన్ తక్కువ కరుగుతుంది, చేపకేమో ఎక్కువ కావాలి. దానికి తోడు అడుగున కుళ్లిన మేత నుంచి అమ్మోనియా. ఎండకూ నాచుకూ సాయంత్రానికి పీహెచ్ పెరిగితే అదే అమ్మోనియా ఇంకా విషమవుతుంది.

ఈ అవస్థలో చేప ఒంట్లో కార్టిసాల్ అనే హార్మోన్ పెరుగుతుంది, రక్తంలో చక్కెర పెరుగుతుంది. నాలుగు రోజులు అలాగే సాగితే రోగాన్ని తట్టుకునే శక్తి పడిపోతుంది. ఎండ దెబ్బకు చావని చేప కూడా ఆ తర్వాత వచ్చే చేప పేనుకో, ఎర్ర మచ్చల రోగానికో చస్తుంది. మూలికలు సాయపడేది ఈ రెండో దెబ్బ దగ్గరే. కాలేయాన్ని కాస్త కాపాడతాయి, రోగనిరోధక శక్తి పూర్తిగా పడిపోకుండా చూస్తాయి. అంతకుమించి ఆశపడొద్దు.

కొలత

ముందు గుంటలో చేపల బరువు తెలియాలి. విసురు వల వేసి ఇరవై ముప్పై చేపల్ని పట్టి తూచి సగటు తీస్తాం. ఉదాహరణకు 2,000 చేపలు, ఒక్కోటి అరకిలో అనుకుంటే మొత్తం 1,000 కిలోలు. అందులో 2 శాతం మేత అంటే రోజుకు 20 కిలోలు. నేను కిలో మేతకు 10 గ్రాముల పచ్చి వెల్లుల్లి, 2 గ్రాముల పసుపు, 5 గ్రాముల తిప్పతీగ పొడి వేస్తాను. 20 కిలోల మేతకు వెల్లుల్లి 200 గ్రాములు, పసుపు 40, తిప్పతీగ 100. మునగాకు దొరికినప్పుడు నీడన ఎండబెట్టి, పొడి చేసి కిలోకు 20 గ్రాములు కలుపుతాను. మునగాకును మందులా కాదు, పోషకంగా వేస్తాను. ఉసిరికాయల కాలంలో ఎండు ఉసిరి పొడి కొంచెం.

రోజుకు రెండు పూటల మేత ఇస్తే ఈ పొడులన్నీ పొద్దుటి పూటకే కలుపుతాను, అప్పుడు చేప ఆకలి మీద ఉంటుంది. పొద్దుటి పూటంటే తెల్లారకముందు కాదు. ఎండ వచ్చి, నీళ్లలో ఆక్సిజన్ లేచాక, ఎనిమిది తొమ్మిది గంటలకు. పదిహేను రోజులు పెట్టి, పదిహేను రోజులు ఆపి, మళ్లీ పెడతాను. ఏడాది పొడుగునా పెట్టేవాళ్లూ ఉన్నారు. నాకది డబ్బు దండగ అనిపిస్తుంది.

పసుపు పొడి మాత్రం కొనను. రంగు కోసం ఏం కలుపుతారో తెలియదు. కొమ్ములు కొని ఆడిస్తాను. తిప్పతీగ మా చేను గట్టున వేపచెట్టుకు అల్లుకుని ఉంది. కరోనా అప్పుడు ఊరంతా కషాయం కాచుకుంటామని దాన్ని మొదలంటా కోసేశారు, రెండేళ్లకు మళ్లీ పాకింది. చిటికెన వేలు లావు కాడలు కోసి, పైపొర గీకి, ముక్కలు చేసి నీడలో ఆరబెట్టి మరలో ఆడించుకోవాలి. శేషాచలం అడవిలో నేలవేము బోలెడు దొరుకుతుందని కొందరు అంటారు. అడవిలోకి వెళ్లి మూలికలు తెచ్చుకునే పని పెట్టుకోవద్దు, ఫారెస్టువాళ్లతో తంటా. పైగా నేలవేము ఎంత చేదంటే, కాస్త ఎక్కువైనా చేప మేతను నోట్లోకి తీసుకుని ఉమ్మేస్తుంది. వేప జోలికి నేను పోను. వేపగింజ, వేపనూనె మోతాదు మించితే చేపలకే విషం.

కలపడం

వెల్లుల్లిని రోట్లో దంచి పది నిమిషాలు అలా వదిలెయ్యాలి. దంచాకే అందులో అల్లిసిన్ అనే ఘాటు పదార్థం పుడుతుంది. దంచిన వెంటనే వేడి గంజిలో వేస్తే అది చచ్చిపోతుంది. మొదటి ఏడు నేను చేసిన తప్పు అదే, గంజి కాగుతుండగానే అన్నీ కుమ్మరించేశాను. ఇల్లంతా రసం వాసన వచ్చింది కానీ చేపకు ఏం దక్కిందో దేవుడికెరుక.

గుళికల మేతైతే పని సులువు. టార్పాలిన్ మీద 20 కిలోలు పరిచి, 250 మిల్లీలీటర్ల వేరుశనగ నూనెలో వెల్లుల్లి ముద్ద, పసుపు, తిప్పతీగ పొడి బాగా గిలక్కొట్టి, కొంచెం కొంచెంగా చల్లుతూ రెండు చేతులతో పొర్లించాలి. పసుపులోని కుర్కుమిన్ నీళ్లలో కరగదు, నూనెలో కరుగుతుంది. నూనె పెట్టడానికి అదొక కారణం, పొడి అంటుకోవడం ఇంకో కారణం. అరగంట నీడలో ఆరనిచ్చి అదేరోజు వేసెయ్యాలి. రేపటికి దాచొద్దు.

తవుడు, చెనక్కాయ చెక్క (నూనె తీశాక మిగిలే పిప్పి) వాడేవాళ్లు చల్లారిన గంజితో పిసికి గట్టి ముద్దలు చేసి తట్టల్లో పెట్టి నీళ్లలోకి దించాలి. చిల్లుల సంచుల్లో కట్టి వేలాడదీస్తే పొడి సగం నీళ్లపాలు.

సరిగ్గా అంటిందో లేదో తెలియాలంటే ఒక గాజు గ్లాసు చాలు. గుంట నీళ్లు పచ్చగా ఉంటాయి, అందులో తెలియదు, కాబట్టి తేట నీళ్లు తీసుకోండి. పది గుళికలు వేసి కదపకుండా పది నిమిషాలు పెట్టండి. నీళ్లు లేత పసుపు తిరిగితే ఫర్వాలేదు. పెళ్లిలో మంగళస్నానం నీళ్లలా చిక్కటి పసుపైతే మీ పొడి చేపకు కాదు, గుంటకు పెడుతున్నారని అర్థం. ఇంకో వంద మిల్లీలీటర్ల నూనె కలిపి మళ్లీ పొర్లించండి.

చెక్క సంగతి

మూలికల కన్నా ముఖ్యమైన మాట ఇది. మనది చెనక్కాయల సీమ, చెక్క సులువుగా దొరుకుతుంది, అందుకే ఎవరూ విరిచి చూడరు. 2021 నవంబరు వానలు గుర్తున్నాయి కదా, స్వర్ణముఖి పొంగి, రాయలచెరువు కట్టకు గండి పడుతుందేమోనని ఊళ్లు ఖాళీ చేయించిన నెల. ఆ తడిలో ఒక మిల్లు నుంచి చౌకగా వచ్చిందని పది బస్తాల చెక్క దించుకున్నాం. పైకి బాగానే ఉంది. విరిస్తే లోపల బూడిద పచ్చ రంగు, ముక్కిన వాసన. ఎండబెడితే పోతుందిలే అన్నారు మా ఆయన. ఎండబెట్టి, పైన వెల్లుల్లీ పసుపూ పట్టించి రెండు నెలలు మేపాం. చేప ఎదగలేదు. ఒకదాన్ని కోసి చూస్తే ఎర్రగా ఉండాల్సిన కాలేయం పాలిపోయి పసుపుగా ఉంది. బూజు వదిలే అఫ్లాటాక్సిన్ అనే విషం అది. బూజు ఎండకు చస్తుంది, విషం చావదు. ఉడకబెట్టినా పోదు. కాలేయాన్ని కాపాడే మూలికలూ, కాలేయాన్ని తినేసే చెక్కా ఒకే ముద్దలో పెట్టి మేపినదాన్ని నేను. ఇప్పుడు బస్తాకు ఒక చెక్క విరిచి వాసన చూడనిదే దించుకోను.

షాపులో 'హెర్బల్' అని అమ్మే డబ్బాలు కొనేవాళ్లు వెనక్కి తిప్పి ఏమేం ఎంతెంత కలిపారో, తేదీ ఎప్పటిదో చూడండి. పదార్థాల పట్టీ లేని డబ్బా ఊరికే ఇచ్చినా వద్దు. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ లాంటి యాంటీబయాటిక్స్ చేపల పెంపకంలో నిషేధం. పేరు లేని పొడిలో ఏముందో మనకెలా తెలుస్తుంది?

ఎండ, మబ్బు ఉన్న రోజుల్లో

నీళ్లు 35 డిగ్రీలు దాటితే మేత సగానికి తగ్గిస్తాను, పొడుల కొలత కూడా దాంతోపాటే తగ్గుతుంది. రెండు రోజులు మబ్బు పట్టి ఎండ రాకపోతే నాచు పగలు చాలినంత ఆక్సిజన్ చెయ్యదు, రాత్రంతా వాడుకుంటుంది. ఆ రాత్రి నీళ్లకు గాలి కొట్టే ఏరేటర్ ఆపొద్దు, మర్నాడు మేత ఆపెయ్యాలి. నీళ్లు పరీక్షించే కిట్టు ఉంటే తెల్లారేముందు ఆక్సిజన్ చూడండి, లీటరుకు 3 మిల్లీగ్రాముల కన్నా తగ్గితే ప్రమాదం, 5 ఉంటే నిశ్చింత. కిట్టు లేకపోతే మోచేతి వరకు చెయ్యి ముంచండి. మోచెయ్యి మునగకముందే అరచెయ్యి కనిపించకుండా పోతే నాచు మరీ చిక్కబడినట్టు, కొంత నీళ్లు మార్చాలి. బోరు నీళ్లలో ఆక్సిజన్ తక్కువ, పైపును నేరుగా గుంటలో ముంచకుండా రాళ్ల మీద పడి చిందేలా పెట్టండి.

ఫలితం ఉందా అంటే, మా రెండో గుంటలో ఒక వేసవి మూలికలు పెట్టలేదు. వలేసి పట్టినప్పుడు ఆ గుంట చేపలకే పేను, పొలుసు రాలడం ఎక్కువ కనబడింది. కానీ మొదటి గుంట మీద చింతచెట్టు నీడ పడుతుంది, రెండోదానికి అది లేదు. అందుకే ఘనతంతా వెల్లుల్లిదే అని చెప్పను. నోటుబుక్కులో రెండూ రాసి పెట్టుకున్నాను.

ఈ ఏడాది మార్చి ఆఖర్లో ఆ తమ్ముడే మళ్లీ ఫోన్ చేశాడు, ఈసారి మిట్టమధ్యాహ్నం. "అక్కా, వెల్లుల్లి కిలో దంచాలా, రెండు కిలోలా?"

"ముందు వలేసి తూకం చూడు నాయనా" అన్నాను.