థీసిస్ అంటే ఏమిటి? పరిశోధనకు మూల ప్రతిపాదనను ఎలా నిర్మించుకోవాలి?

పరిశోధనకు చేరిన విద్యార్థిని మీ థీసిస్ ఏమిటని అడిగితే చాలాసార్లు ఒక అంశం పేరే జవాబుగా వస్తుంది. ‘ధవళేశ్వరం ఆనకట్ట’ అంటారు, లేదా ‘గోదావరి డెల్టాలో వ్యవసాయం’ అంటారు. అవి అంశాలే తప్ప థీసిస్‌లు కావు. ఆ అంశం గురించి మీరు ఏమని వాదించబోతున్నారో చెప్పే వాక్యమే థీసిస్. ఆ వాక్యం కుదరకుండా అధ్యాయాలు మొదలుపెడితే, ఎంత శ్రమించి సేకరించిన సమాచారమైనా వరుసగా పేర్చిన వివరాలుగానే మిగిలిపోతుంది.

మొదటి అడుగు: రెండు అర్థాలను విడదీయండి

థీసిస్ అనే మాటను మనం రెండు అర్థాల్లో వాడుతున్నాం. పీహెచ్‌డీ పట్టా కోసం సమర్పించే గ్రంథం ఒకటి, ఆ గ్రంథం నిలబెట్టదలచిన వాదన రెండవది. మన విశ్వవిద్యాలయాల్లో పీహెచ్‌డీ రచనను థీసిస్ అనీ, ఎంఏ స్థాయి రచనను డిసర్టేషన్ అనీ అనడం వాడుక. అమెరికాలో ఎక్కువగా ఇది తారుమారవుతుంది కాబట్టి అక్కడికి దరఖాస్తు చేసేవారు గమనించుకోవాలి. తెలుగులో మొదటి అర్థానికి సిద్ధాంత గ్రంథం అనే పేరు స్థిరపడింది. రెండవ అర్థానికి ఈ వ్యాసంలో ప్రతిపాదన అనే మాట వాడుతున్నాను, ఇక్కడ చెప్పేదంతా దాని గురించే.

రెండవ అడుగు: ఆ మాట ఎక్కడినుంచి వచ్చిందో తెలుసుకోండి

గ్రీకులో ఈ మాటకు మూలార్థం ఉంచడం, నిలపడం. ఛందస్సులో తాళానికి అనుగుణంగా పాదాన్ని కింద మోపడాన్ని కూడా గ్రీకులు ఇదే మాటతో చెప్పారు. వాదశాస్త్రానికి వచ్చేసరికి, నలుగురి ముందు పెట్టిన అభిప్రాయం అనే అర్థం దీనికి ఏర్పడింది. అరిస్టాటిల్ తన ‘టాపిక్స్’లో ఇంకా ముందుకు వెళ్లి, పేరున్న తత్త్వవేత్త ఎవరైనా సామాన్య నమ్మకానికి విరుద్ధంగా చెప్పిన అభిప్రాయమే థీసిస్ అన్నాడు. అన్నీ నిరంతరం చలనంలోనే ఉన్నాయన్న హెరాక్లిటస్ మాట ఆయన ఇచ్చిన ఉదాహరణల్లో ఒకటి. మధ్యయుగపు ఐరోపా విశ్వవిద్యాలయాల్లో పండితులు ఇలాంటి వాక్యాలను ముందుగా ప్రకటించి వాటి మీద వాదానికి దిగేవారు. 1517లో క్రైస్తవ మత సంస్కర్త మార్టిన్ లూథర్ లాటిన్‌లో రాసిన 95 థీసిస్‌లు కూడా ఆ సంప్రదాయంలోనివే. అవి 95 గ్రంథాలు కావు, చర్చకు పెట్టిన 95 వాక్యాలు. పట్టా కోసం రాసే గ్రంథానికి ఈ పేరు తర్వాతి కాలంలో అంటుకుంది. కాబట్టి ప్రతిపాదన రాసేటప్పుడు, ఎవరైనా ఎదురు చెప్పడానికి వీలున్న వాక్యాన్నే రాస్తున్నామని గుర్తుంచుకోవాలి.

మూడవ అడుగు: అంశాన్ని ప్రశ్నగా, ప్రశ్నను వాక్యంగా మార్చండి

ధవళేశ్వరం ఆనకట్టనే తీసుకుందాం. ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో 1847లో మొదలైన నిర్మాణం 1852లో పూర్తయింది. దాని కాలువలు పొలాలకు నీరివ్వడంతోపాటు పడవలు నడవడానికి కూడా పనికొచ్చాయి. ‘ఆనకట్ట డెల్టాను ఎలా మార్చింది?’ అన్న ప్రశ్న మరీ పెద్దది. గ్రీకు, రోమన్ వక్తలు ఇక్కడ ఒక మంచి తేడా చూపించారు. ‘మనిషి పెళ్లి చేసుకోవాలా?’ అనే సాధారణ ప్రశ్న వారికి థీసిస్, ‘కేటో పెళ్లి చేసుకోవాలా?’ అని వ్యక్తితో, కాలంతో, పరిస్థితితో ముడిపడిన ప్రశ్న హైపోథీసిస్. నేటి పరిశోధకుడికి ఈ రెండవ తరహా ప్రశ్నే కావాలి. కాబట్టి పంటను, కాలాన్ని, ప్రాంతాన్ని బిగించి ఇలా అడగవచ్చు: 1852 నుంచి, రైలు మార్గాలు వచ్చిన 1890ల వరకు, డెల్టాలో వరి అమ్మకానికి పండించే పంటగా మారడానికి ముఖ్య కారణం ఏది? దానికి నమూనాగా ఒక ప్రతిపాదన అనుకుందాం: ‘ఆ మార్పుకు కాలువ నీటికంటే కాలువల మీద నడిచిన పడవ రవాణాయే పెద్ద కారణం.’ ఇది నిజమో కాదో పరిశోధనలో తేలాలి. ఇప్పటికి మనకు కావలసింది తేల్చదగిన వాక్యం, అది దొరికింది.

నాలుగవ అడుగు: అందరూ ఒప్పుకునేదాన్ని వదిలేయండి

‘ఆనకట్ట వల్ల సాగు పెరిగింది’ అని రాస్తే ఎవరూ కాదనరు. అప్పుడు గ్రంథం అవసరమే ఉండదు. ప్రతివాది ముందే అంగీకరించిన దాన్ని మళ్లీ సాధించబూనడాన్ని మన నైయాయికులు, అంటే న్యాయ దర్శనానికి చెందిన తార్కికులు, సిద్ధసాధనం అనే దోషంగా లెక్కించారు. అరిస్టాటిల్ నిర్వచనంలోని ‘సామాన్య నమ్మకానికి విరుద్ధం’ అన్న షరతు కూడా ఈ దిశలోనిదే. పరిశోధనల్లో నాకు తరచుగా కనిపించే లోపం ఇదే. విద్యార్థులు తప్పు చెబుతారేమోనన్న భయంతో, తప్పు కావడానికి అవకాశమే లేని వాక్యాన్ని ఎంచుకుంటారు. ఆ భయాన్ని పోగొట్టడం పర్యవేక్షకుల మొదటి బాధ్యత అని గట్టిగా నమ్ముతాను.

ఐదవ అడుగు: హేతువును, ఉదాహరణను జోడించి చూడండి

భారతీయ తర్కమైన న్యాయశాస్త్రంలో అనుమాన వాక్యానికి, అంటే హేతువు చూపి ఒక విషయాన్ని నిరూపించే వాదానికి, ఐదు అవయవాలు: ప్రతిజ్ఞ (నిరూపించదలచిన మాట), హేతువు, ఉదాహరణ, ఉపనయం (ఉదాహరణను ప్రస్తుత విషయానికి అన్వయించడం), నిగమనం (ముగింపు). ‘పర్వతం మీద నిప్పు ఉంది’ అన్నది ప్రతిజ్ఞ, ‘పొగ ఉంది కాబట్టి’ అన్నది హేతువు, ‘పొగ ఉన్నచోటల్లా నిప్పు ఉంటుంది, వంటింట్లోలాగా’ అన్నది ఉదాహరణ. తెలుగువాడిగా ప్రసిద్ధుడైన అన్నంభట్టు తన ‘తర్కసంగ్రహం’లో దీన్ని పిల్లలకు సైతం అర్థమయ్యేంత సులభంగా చెప్పాడు. థీసిస్‌కు అచ్చంగా సరిపోయే మాట ప్రతిజ్ఞే. అది వాదానికి మొదట్లో నిలుస్తుంది, నిగమనం చివర వస్తుంది.

మన నమూనాకు దీన్ని అన్వయిద్దాం. పడవ రవాణాయే పెద్ద కారణమైతే, పెద్ద కాలువ ఒడ్డున ఉన్న గ్రామాల్లోనే వరి అమ్మకం ముందుగా పెరిగి ఉండాలి. పడవలు వెళ్లలేని చిన్న పిల్లకాలువల కింద నీరందుకున్న గ్రామాల్లో, నీరు అంతే ఉన్నా, అమ్మకం వెనకబడి ఉండాలి. ఇక వెతకవలసినవి ఏమిటో వాటంతట అవే తెలుస్తాయి: పడవల మీద వసూలు చేసిన సుంకాల లెక్కలు, గ్రామాలవారీ శిస్తు రికార్డులు, అంగడి ధరలు. రెండు రకాల గ్రామాల్లోనూ అమ్మకం ఒకేలా పెరిగినట్టు కనిపిస్తే ప్రతిపాదన వీగిపోయినట్లే. ఏ రికార్డు దొరికితే మీ వాక్యం తప్పని తేలుతుందో మీరే చెప్పలేకపోతే, ఆ వాక్యాన్ని మళ్లీ రాయండి.

ఆరవ అడుగు: ఎదుటి వాదాన్ని మీరే రాయండి

జర్మన్ తత్త్వవేత్త ఇమ్మాన్యుయేల్ కాంట్ 1781 నాటి తన ‘శుద్ధ హేతు విమర్శ’లో థీసిస్‌ను, దాని వ్యతిరేక వాదాన్ని ఎదురెదురు పుటల్లో పక్కపక్కన ఉంచాడు. మీరూ ఒక కాగితాన్ని రెండు భాగాలు చేసి, కుడివైపున ప్రతివాది మాటను, అతడు నిజంగా వాడగల అత్యంత బలమైన హేతువుతో రాయండి. మన నమూనాలో అతడు ఇలా అనవచ్చు: ‘నీరు లేకపోతే మిగులు ధాన్యమే లేదు, మిగులు లేకపోతే పడవల్లో ఎక్కించేది ఏముంటుంది?’ ఇది గట్టి మాట. దీనికి జవాబుగా, నీరు అవసరమైన కారణమే కానీ అది ఒక్కటే చాలదని ప్రతిపాదనను సవరించవలసి రావచ్చు. పూర్వపక్షాన్ని, అంటే ఎదుటి వాదాన్ని, పూర్తిగా చెప్పాకే సిద్ధాంతానికి, అంటే తమ నిర్ణయానికి, రావడం మన శాస్త్రగ్రంథాల పద్ధతి. మన పరిశోధన గ్రంథాల్లో ఆ పద్ధతి తగ్గిపోవడం బాధాకరం.

ఏడవ అడుగు: ప్రతిపాదనను స్పష్టమైన చోట ఉంచండి

ప్రవేశిక చివర, ఒకటి రెండు వాక్యాల్లో, ‘ఈ గ్రంథం వాదించేది ఇది’ అని నేరుగా రాయండి. ఆధారాలు దొరికేకొద్దీ ఆ వాక్యం మారవచ్చు, మారాలి కూడా. అయితే మూడవ అధ్యాయంలో చిక్కు వచ్చినప్పుడు అక్కడికక్కడ వాదన మార్చి, ముందు రాసినదాన్ని అలాగే వదిలేస్తే అది ప్రతిజ్ఞాంతరం అవుతుంది. గౌతముడి న్యాయసూత్రాల ప్రకారం అది ఓటమికి దారితీసే నిగ్రహస్థానాల్లో ఒకటి. ప్రతిపాదన మారిన రోజునే ప్రవేశికకు తిరిగి వెళ్లి వాక్యాన్ని సరిచేసి, దాని మీద ఆధారపడిన ప్రతి అధ్యాయం మొదటి పేరాను తిరగరాయండి. మౌఖిక పరీక్షలో పరీక్షకులు మొదట అడిగేది సాధారణంగా ఆ వాక్యం గురించే.