మిలట్రీలో మనసు దెబ్బతిన్నవారు డిసెబిలిటీ పెన్షన్‌కి ఎలా అప్లై చేయాలి?

సదరం సర్టిఫికెట్ చేతిలో పెట్టుకుని "అన్నా, ఇక పెన్షన్ వచ్చినట్టేగా" అని అడిగేవాళ్లను చూసి చూసి ఇది రాస్తున్నాను. రాదు. సదరం పనికొచ్చేది రాష్ట్ర ప్రభుత్వ పింఛనుకి. ఆర్మీ ఇచ్చే డిసెబిలిటీ పెన్షన్‌కి మిలట్రీ డాక్టర్ల బోర్డు రాసిందే లెక్క. ఆ బోర్డు రెండు సంగతులు తేలుస్తుంది. జబ్బు సర్వీస్ వల్ల వచ్చిందా, లేకపోతే సర్వీస్ వల్ల ముదిరిందా అన్నది ఒకటి. అది 20 శాతం, ఆ పైన ఉందా అన్నది రెండోది. మానసిక జబ్బుల ఫైళ్లు ఎక్కువగా మొదటిదాని దగ్గరే ఆగిపోతాయి.

నేను ఆర్మీలో 17 ఏళ్లు చేసి హవల్దార్‌గా దిగాను, అంటే రిటైరయ్యాను. గిద్దలూరు, కంభం వైపు మిలట్రీ ఇళ్లు లేని ఊరు అరుదు. కాలు పోయినవాడి కాగితాలు నడిపించడానికి పదిమంది ముందుకొస్తారు. నిద్ర పోయినవాడి కాగితాలు ఎవరూ ముట్టుకోరు. అందుకే ఎక్కువగా అవే నా దగ్గరికి వస్తాయి.

ముందు వైద్యం, తర్వాతే ఫైలు

ఈ వరస మార్చొద్దు. ఈసీహెచ్‌ఎస్ (మాజీ సైనికుల వైద్య పథకం) కార్డు ఉంటే పాలీక్లినిక్‌కి వెళ్లి మానసిక వైద్యుడికి రెఫరల్ తీసుకోండి. లేకపోతే ఒంగోలు రిమ్స్‌కో, నెల్లూరు పెద్దాసుపత్రికో వెళ్లండి. రాత్రిపూట మనిషి చేయి దాటిపోతున్నాడనిపిస్తే 14416కి ఫోన్ చేయండి. అది టెలిమానస్ నంబరు. ఏ వేళకైనా ఎత్తుతారు, తెలుగులో మాట్లాడతారు, డబ్బులు అడగరు.

బోర్డుకి పదిరోజుల ముందు మాత్రలు ఆపేస్తే జబ్బు బాగా కనబడుతుందని సలహా ఇచ్చేవాళ్లున్నారు. వాళ్ల మాట వినకండి. ఆ పదిరోజుల్లో ఏం జరిగినా ఏ పెన్షనూ దాన్ని పూడ్చలేదు. పైగా మందులు వాడుతూ కూడా ఇంత ఇబ్బంది ఉందని చీటీలు చెబితేనే బోర్డు దగ్గర బలం.

క్యాంటీన్ కోటా మద్యం సంగతి కూడా డాక్టరుకి ఉన్నదున్నట్టు చెప్పాలి. దాస్తే తర్వాత జబ్బు మొత్తాన్ని తాగుడు ఖాతాలో రాసేస్తారు. తాగుడు వల్ల వచ్చినదానికి పెన్షన్ లేదు. నిద్ర పట్టక తాగడం మొదలైందా, తాగడం వల్ల నిద్ర పోయిందా అన్నది చికిత్స చేసే డాక్టరు మొదట్లోనే రాసిపెడితే, అదే మిమ్మల్ని కాపాడుతుంది.

సెక్యూరిటీ ఉద్యోగం కోసం లైసెన్సు తుపాకీ తీసుకున్నవాళ్లు మనలో చాలామంది. మనిషి కుదుటపడేదాకా దాన్ని స్టేషన్లో డిపాజిట్ చేయండి. మిరపకి, పొగాకుకి కొట్టే మందుల డబ్బాలు కూడా ఇంట్లో వద్దు. ఈ విషయంలో మొహమాటం పడకండి.

కాగితాలు

డిశ్చార్జ్ బుక్, పీపీవో (పెన్షన్ ఆర్డరు), ఆధార్, స్పర్శ్ (మిలట్రీ పెన్షన్ల వెబ్‌సైటు) వివరాలు, చికిత్స చీటీలు. అన్నీ మూడేసి జిరాక్సులు. దిగేటప్పుడు జరిగిన మెడికల్ బోర్డు కాపీ మీ దగ్గర లేకపోతే మీ రికార్డ్స్ ఆఫీసుకి సమాచార హక్కు కింద అడగండి. ఫీజు 10 రూపాయలు, 30 రోజుల్లో జవాబివ్వాలి. ఆ కాపీ చూడకుండా అప్లికేషన్ రాయొద్దు. రాయడానికి తెలిసిన మనిషి లేకపోతే జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళ్లండి. పొద్దున పదిన్నరకల్లా అక్కడ ఉండాలి, మధ్యాహ్నం వెళ్తే పని కాదు.

దిగేటప్పుడు బోర్డులో మానసిక జబ్బు మాటే లేకుండా తర్వాత బయటపడినవారిది వేరే దారి. దాన్ని పోస్ట్ డిశ్చార్జ్ క్లెయిమ్ అంటారు. కాస్త కష్టం, కానీ దారి ఉంది. ఇక 2023 సెప్టెంబరు 21 తర్వాత దిగినవారికి కొత్త నిబంధనలు వర్తిస్తాయి. పక్కింటాయన పాత ఫైలు చూసి రాయకండి.

నోట్‌బుక్: అందరూ పాడుచేసేది ఇక్కడే

అప్లికేషన్‌తో పాటు, బోర్డు ముందు కూడా, ఏం జరిగిందో ఎప్పటినుంచో చెప్పాలి. ఏజెంట్లు దీన్ని పావుగంటలో టైపు కొట్టిస్తారు. వాళ్ల కంప్యూటర్లో ఒకే కథ ఉంటుంది, పేరూ ఆర్మీ నంబరూ మారుస్తారు అంతే. అందరికీ కాశ్మీరే, అందరికీ బాంబు పేలుడే. ఒకసారి స్టోర్‌లో 12 ఏళ్లు చేసినవాడి కాగితంలో కూడా అదే ఉంది. ఆ కుర్రాడి బాధ నిజం. కాగితం మాత్రం అబద్ధం. డాక్టరు డిశ్చార్జ్ బుక్ తిరగేసి రెండు నిమిషాల్లో పట్టేశాడు. ఆ తర్వాత అతను చెప్పిన నిజాలు కూడా చెల్లలేదు.

నా పద్ధతి వేరు. ఒక లాంగ్ నోట్‌బుక్, నీలం పెన్ను. ఫోన్లో రాయకూడదు. ముందు నుంచి సగం జబ్బుపడిన మనిషిది, వెనక నుంచి సగం ఇంట్లోవాళ్లది.

ఆయన సగంలో పోస్టింగులు మాత్రమే ఉండాలి. ఏ సంవత్సరం, ఏ స్టేషన్, ఫీల్డా (సరిహద్దు, గొడవల ప్రాంతం) పీసా (ప్రశాంతమైన చోటు), డ్యూటీ ఏంటి, సెలవు ఎప్పుడు దొరికింది, మొదటిసారి ఎంఐ రూమ్‌కి (యూనిట్‌లోని చిన్న ఆసుపత్రికి) ఎప్పుడు వెళ్లాడు. ఇది ఎందుకు ముఖ్యమంటే, జబ్బు పీస్ స్టేషన్లో బయటపడింది కాబట్టి సర్వీస్‌కి సంబంధం లేదని తోసేయడం మామూలు. ఎత్తు ప్రాంతంలోనో చొరబాట్ల ఏరియాలోనో రెండేళ్లు చేసి అక్కడినుంచి వచ్చిన నాలుగు నెలలకే అది బయటపడిందని వరసగా కనబడితే మాట మారుతుంది. ఇలాంటివి జ్ఞాపకం మీద చెబితే తేదీలు తప్పుతాయి.

ఇంట్లోవాళ్ల సగంలో జబ్బు పేరు రాయకూడదు. "చాలా", "ఎప్పుడూ" అన్న మాటలు వద్దు. తేదీ, టైము, కంటితో చూసింది. కంభం దగ్గర పల్లెలో ఒకావిడ మొదట ఇలా రాసుకొచ్చింది: "మా ఆయనకి రాత్రిళ్లు నిద్ర ఉండదు, చాలా కోపం." చదివి పక్కన పెట్టి, "మొన్న రాత్రి ఏం జరిగిందమ్మా?" అని అడిగాను. కాసేపు నేల చూపు చూసి చెప్పింది. చేలోకి త్రీఫేజ్ కరెంటు రాత్రి రెండు గంటలకి వచ్చింది. వరండాలో ఉన్న మోటారు స్టార్టర్ టక్‌మని పడింది. ఆయన మంచం మీంచి దొర్లి కింద పడి, పక్కనున్న పిల్లాణ్ణి లాగి మంచం కిందికి తోసి వాడిమీద అడ్డంగా పడుకున్నాడు. తెల్లారి చూస్తే వాడి మోచేయి కమిలి ఉంది. ఆయన ఆ కమిలిన చోట కొబ్బరినూనె రాస్తూ ఒక్క మాట మాట్లాడలేదు.

"అదే రాయమ్మా, ఇంకేం కలపొద్దు" అన్నాను. ఆ అయిదు లైన్లే తర్వాత బోర్డు డాక్టరు రెండుసార్లు చదివి, పెన్ను కింద పెట్టి, "పిల్లాడి వయసెంత?" అని ఆయన్ని అడిగాడు. అప్పటిదాకా అన్నిటికీ "ఠీక్ హై సాబ్" అంటూ వచ్చిన మనిషి అక్కడ మాట్లాడటం మొదలుపెట్టాడు.

ఇప్పుడు జాగ్రత్తలు. ఒక్కటి కూడా వదలొద్దు. ఆయన చేత జరిగిందంతా ఒకేసారి చెప్పించకండి. పొద్దున టిఫిన్ తర్వాత అరగంట చాలు, పొద్దుగూకాక అసలు వద్దు. చెబుతుండగా చెమటలు పడితే, చేతులు వణికితే, చూపు ఒకచోట నిలిచిపోతే నోట్‌బుక్ మూసేయండి. మంచినీళ్లిచ్చి ఆరుబయట నాలుగడుగులు నడిపించండి. "తర్వాత ఏమైంది?" అని తరమకండి. చుట్టాల్ని కూర్చోబెట్టుకుని రాయొద్దు. ఆ నోట్‌బుక్ పిల్లల చేతికి అందకూడదు. చనిపోయిన తోటివాడి పేరు దగ్గర ఆగిపోతే ఆ పేజీ ఖాళీగానే ఉండనీయండి. అది చికిత్స చేసే డాక్టరు సమక్షంలో చెప్పాల్సిన విషయం, మన ముందు కాదు.

బోర్డుకి ముందు రిహార్సల్ చేయించకండి. బట్టీపట్టిన మాట డాక్టరుకి తెలిసిపోతుంది. అంతకన్నా ముఖ్యం, పదిసార్లు చెప్పించడమంటే ఆయన్ని పదిసార్లు అక్కడికి తీసుకెళ్లడమే.

మూడు వారాలు రాశాక రెండు పేజీల సారాంశం తీయండి. ఫైలుకి జతచేసేది అదీ, నోట్‌బుక్ జిరాక్సూ. అసలు నోట్‌బుక్ ఎవరికీ ఇవ్వకండి.

బోర్డు రోజు

ముందురోజే చేరుకోండి. రాత్రంతా రైల్లో కూర్చుని తెల్లారి బోర్డు ముందు నిలబెట్టొద్దు. భార్యో అన్నదమ్ములో ఒకరు తప్పకుండా వెంట ఉండాలి.

లోపల అడిగే ప్రశ్నల్లో ఒకటి చూడటానికి చిన్నది: "ఇంట్లో ఇంకెవరికైనా ఇలా ఉందా?" మనవాళ్లు మొహమాటానికి "మా మేనమామ కూడా కొంచెం తిక్కమనిషే సార్" అంటారు. అంతే, వంశపారంపర్యం అని పడిపోతుంది. అబద్ధం చెప్పమని నేను అనడం లేదు. డాక్టరు నిర్ధారించిన జబ్బు ఉంటే చెప్పండి. తాగి అరిచే మేనమామకి మీరే జబ్బు పేరు పెట్టకండి. "ఎలా ఉన్నావ్?" అంటే "బాగున్నా సార్" అనడం మనకి అలవాటు. ఆ ఒక్కరోజు నిన్న రాత్రి ఎన్ని గంటలు పడుకున్నారో చెప్పండి.

ఆ రాత్రి ఆయన్ని ఒంటరిగా వదలొద్దు. లోపల కదిలినవన్నీ పడుకున్నాకే పైకొస్తాయి.

కాదన్నారా?

కాదన్న ఉత్తరం తేదీ నుంచి ఆరు నెలల్లో మొదటి అప్పీలు, అదీ కాదంటే మళ్లీ ఆరు నెలల్లో రెండోది. ఆ తర్వాత సాయుధ దళాల ట్రిబ్యునల్. మన రాష్ట్రం చెన్నై బెంచి కిందికి వస్తుంది.

అప్పీలులో ఒక పాయింటు తప్పనిసరిగా ఉండాలి. భర్తీ అయ్యేటప్పుడు జబ్బు ఉన్నట్టు రాయకపోతే మనిషి ఆరోగ్యంగానే చేరాడని లెక్క. తర్వాత వచ్చిన జబ్బుకి సర్వీస్‌తో సంబంధం లేదని చూపించే బాధ్యత డిపార్ట్‌మెంటుది. 2013లో ధరమ్‌వీర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది ఇదే. 2025లో స్కిజోఫ్రీనియాతో ఇంటికి పంపిన ఒక సైనికుడి కేసులో బోర్డు కారణాలు రాయకపోవడాన్ని తప్పుపట్టి పెన్షన్ ఇమ్మంది. కాబట్టి మీ బోర్డు కాపీలో "కాన్‌స్టిట్యూషనల్" (పుట్టుకతో ఉన్న తత్వం వల్ల వచ్చింది) అన్న ఒక్క మాట తప్ప కారణం లేకపోతే, దాని కింద గీత గీసి అప్పీలులో ఎత్తి చూపండి. అయితే 2019లో అదే జబ్బు కేసులో సుప్రీంకోర్టు సైనికుడికి వ్యతిరేకంగా కూడా చెప్పింది. "జడ్జిమెంటు ఉంది, గ్యారంటీ" అని ముందే వాటా మాట్లాడుకునే లాయరు దగ్గరికి వెళ్లకండి. జిల్లా న్యాయసేవాధికార సంస్థలో అడగండి. సైనిక కుటుంబాలకి ఉచిత న్యాయ సహాయం కోసం 2025 జులైలో వీర్ పరివార్ సహాయత పథకం కూడా మొదలైంది.

శాతం తక్కువ రాశారని దిగులు వద్దు. 20 నుంచి 50 లోపు ఎంత ఉన్నా 50గా లెక్కగట్టే పద్ధతి ఉంది, అప్పీలులో అది కూడా అడగండి. ఆలస్యం మాత్రం చేయకండి. ఏళ్లు గడిచాక ట్రిబ్యునల్‌కి వెళ్తే వెనకటి బకాయి కొంత పోయే ప్రమాదం ఉంది.

ఆర్డరు వచ్చేదాకా నెలనెలా ఆసుపత్రికి వెళ్లి రావడం ఆపకండి. ప్రతి చీటీ ఆ నోట్‌బుక్‌లోనే గమ్ముతో అంటించండి, పిన్ను కొడితే ఊడిపోతుంది. చెన్నైలో వాయిదా రోజున లాయరు ముందుగా అడిగేది ఆ చీటీలే.