ఆండ్రాయిడా, ఐఫోనా: కొనేముందు చూసుకోవాల్సినవి

రొయ్యల చెరువులు చేసేవాళ్లూ, భీమవరంలోనో అమలాపురంలోనో షాపు మెట్లెక్కకముందే ఇవి తేల్చుకోండి. కౌంటర్ దగ్గర ఆఫర్లు వింటూ నిర్ణయం తీసుకోవద్దు.

- అన్నిటికంటే ముందు వాట్సాప్. ఆండ్రాయిడ్ నుంచి ఐఫోన్‌కి మారితే, గూగుల్ డ్రైవ్‌లో ఉన్న బ్యాకప్ అందులోకి రాదు. ‘మూవ్ టు ఐఓఎస్’ యాప్‌తో, కొత్త ఫోన్ మొదటిసారి సెటప్ చేసేటప్పుడే చాట్లు మార్చుకోవాలి. రొయ్యల కౌంటు (కిలోకి ఎన్ని), రేటు, చెరువు పట్టే తేదీ అన్నీ ఆ చాట్లలోనే ఉంటాయి కదా! అవి కొత్త ఫోన్‌లో కనిపించేదాకా పాతదాన్ని రీసెట్ చేయకండి.

- ఐఫోన్‌లో మెమరీ కార్డు పట్టదు. స్టోరేజ్ ముందే ఎక్కువ తీసుకోండి.

- ఐఫోన్ 15 నుంచి టైప్-సి కేబుల్. అంతకుముందువాటికి వేరు.

- ఆండ్రాయిడ్ అయితే అప్‌డేట్లు ఎన్నేళ్లో అడగండి. గెలాక్సీ ఎస్24కి 7 ఏళ్లు ఇస్తామన్నారు, చవక మోడళ్లలో చాలావాటికి అంత ఉండదు.

- అమ్మానాన్నలకైతే, చేయి అలవాటుపడిందే కొనండి.

- ఐపీ68 (నీళ్లు, దుమ్ము తట్టుకునే రేటింగ్) అని రాసున్నా చెరువు గట్టు మీద ధీమా వద్దు. ఆ పరీక్ష మంచినీళ్లలో చేస్తారు, ఉప్పునీళ్లు వేరు. నీళ్లు చేరితే మామూలుగా వారంటీ వర్తించదు.

- సెకండ్ హ్యాండ్ ఐఫోనా? డబ్బులిచ్చేముందు మీ ఎదుటే యాపిల్ అకౌంట్ సైనౌట్ చేయించండి. లేదంటే రీసెట్ చేశాక లాక్ పడుతుంది, పాత ఓనరు పాస్‌వర్డ్ లేకుండా తెరుచుకోదు.