వేవిళ్ల వికారాన్ని సువాసనతో తగ్గించుకోవడం ఎలా?

నిన్నటిదాకా నోరూరించిన వాసనే ఇవాళ కడుపులో తిప్పేస్తుంది. వేవిళ్లలో ముక్కు అంత చురుగ్గా ఉంటుంది. ఇవి సాధారణంగా 6వ వారం దగ్గర మొదలై, 9వ వారం ప్రాంతంలో ముదురుతాయి. 16–20 వారాలకు చాలామందికి తగ్గిపోతాయి. అన్నాళ్లు నెట్టుకురావడం తేలిక కాదు. ఇబ్బంది పెడుతున్న ఆ ముక్కు ద్వారానే కాస్త ఊరట పొందవచ్చు.

ముందుగా మీ డాక్టర్‌కి ఒక మాట చెప్పండి. ఉబ్బసం, మూర్ఛ, వాసనలకు వచ్చే మైగ్రేన్ ఉన్నవాళ్లు ఆవిడ సరేనన్నాకే మొదలుపెట్టాలి.

తర్వాత సువాసన నూనె (ఎసెన్షియల్ ఆయిల్) ఎంచుకోవాలి. నా ఓటు నిమ్మకే. 2014లో వెలువడిన ఒక ఇరాన్ అధ్యయనంలో 100 మంది గర్భిణులు పాల్గొన్నారు. నిమ్మనూనె వాసన చూసినవాళ్లకు, బాదం నూనె వాసన చూసినవాళ్ల కంటే వికారం కొంత ఎక్కువగా తగ్గింది. పుదీనా నూనె కొందరికి పనిచేస్తుంది, కొందరికి చేయదు. సేజ్, పెన్నీరాయల్, వింటర్‌గ్రీన్, కర్పూరం నూనెల జోలికి మాత్రం వెళ్లకండి.

ఇక అసలు పని. దూది ఉండ మీద రెండే రెండు చుక్కలు వేయండి. కూర్చుని, దాన్ని ముక్కుకు రెండు అంగుళాల దూరంలో పట్టుకోండి, చర్మానికి తగలనివ్వకండి. ముక్కుతో మూడుసార్లు నిదానంగా గాలి పీల్చి, పక్కన పెట్టేయండి. అయిదు నిమిషాలకీ తగ్గకపోతే ఇంకోసారి చూడండి. అంతకు మించి వద్దు. ఎక్కువసేపు పీలిస్తే మంచి వాసన కూడా మొహం మొత్తి, డోకు తెప్పిస్తుంది. అలా అనిపించిన క్షణమే దూదిని మూతపెట్టి, చేతులు కడుక్కుని, కిటికీ తెరవండి. ఎవరేం చెప్పినా ఇక్కడ మీ ముక్కు మాటే చెల్లుతుంది.

పొద్దున లేస్తూనే తిప్పేవాళ్లు దూదిని చిన్న మూత డబ్బాలో వేసి రాత్రే తలగడ పక్కన పెట్టుకోండి. మంచం దిగకముందే వాసన చూడొచ్చు. నూనె లేదా? తాజా నిమ్మకాయ తొక్కను గోటితో గీరండి. సన్నటి తుంపరలా చిమ్మేది ఆ నూనే.

నూనె వాసనను గాలిలోకి వెదజల్లే డిఫ్యూజర్‌ను గదిలో రోజంతా పెట్టడం నాకు నచ్చదు. వాసన పడకపోతే తప్పించుకునే దారి ఉండదు. ఈ నూనెలను తాగకూడదు, ముక్కులో వేసుకోకూడదు. నిమ్మనూనె రాసుకున్న చర్మం ఎండకు కందిపోతుంది, కాబట్టి ఒంటికి రాయొద్దు. ఇంట్లో పిల్లలుంటే సీసా వాళ్లకు అందకూడదు.

రోజంతా నీళ్లు కూడా ఇమడకపోయినా, మూత్రం ముదురు రంగులోకి మారినా, బరువు తగ్గుతున్నా, కళ్లు తిరుగుతున్నా, జ్వరం, కడుపునొప్పి, వాంతిలో రక్తం కనిపించినా దూది పక్కన పడేసి వెంటనే ఆస్పత్రికి వెళ్లండి. గర్భిణులకు ఇవ్వదగిన వాంతి మందులు ఉన్నాయి. అవి అడగడానికి మొహమాటపడకండి.