చెనిక్కాయ పుర్రెల దండతో చాముండి బొమ్మ

దేవీమాహాత్మ్యం ఏడో అధ్యాయంలో చండముండులను చంపే కాళి ఒళ్లంతా ఎండిపోయి ఉంటుంది, కళ్లు గుంటల్లోకి పోయి ఉంటాయి. చాముండి అనే పేరు ఆమెకు ఆ తర్వాతే వచ్చింది. కర్నూలు నుంచి తుంగభద్ర దాటి అలంపురం వెళ్లి, శవం మీద కూర్చున్న జోగులాంబను చూసినవాళ్లకు ఆ ఉగ్రం తెలుసు. అది ఎర్రరంగు కుమ్మరిస్తే వచ్చేది కాదు. ఎముక కనిపించాలి, పొట్ట లోపలికి పోవాలి.

దసరా కొలువుకు కాగితపు గుజ్జుతో చేసే అడుగు ఎత్తు బొమ్మకు 14 గేజీ జీఐ (జింకుపూత ఇనుప) తీగ రెండు మీటర్లు చాలు. మామూలు కట్టుతీగ వద్దు, తడికి తుప్పు పట్టి మరక పైకి తేలుతుంది. వెన్నుకు తీగను జంటగా మెలిపెట్టి, ఎదభాగంలో బాగా ఎండిన జొన్నబెండు కట్టండి. దానిమీద జనపనార పురితో పక్కకు ఏడేసి పక్కటెముకలు అంటించండి. పొట్ట దగ్గర ఏమీ కట్టొద్దు.

గుజ్జుకు 200 గ్రాముల పాత పేపర్లు చింపి రెండు రాత్రులు నానబెట్టి, రోట్లో దంచి గట్టిగా పిండాలి. 50 గ్రాముల చింతగింజల పిండిని అరలీటరు నీళ్లలో ఉడికిస్తే బంక తయారవుతుంది. చల్లారాక ప్లాస్టిక్ గిన్నెలోకి మార్చి, పురుగు పట్టకుండా చిటికెడు మైలతుత్తం (కాపర్ సల్ఫేట్) కలపండి. అల్యూమినియం గిన్నె అయితే తుత్తం దాన్ని తినేస్తుంది. అది విషం కాబట్టి చేతులకు తొడుగులు తప్పనిసరి, వంటపాత్రలు వాడొద్దు. ఈ బంకతో గుజ్జును, 150 గ్రాముల సుద్దపొడిని చపాతీపిండిలా పిసకండి. బంక మొత్తం ఒకేసారి పోయకుండా చూసుకుంటూ కలపండి.

ఎక్కువ బొమ్మలు పాడయ్యేది తీగ చట్రం మీద ఈ గుజ్జు పూసేటప్పుడే. ఒక్కో పూత మూడు మిల్లీమీటర్లు మించకూడదు, పూతకూ పూతకూ మధ్య నీడలో ఒక రోజు ఆరాలి. అనంతపురం ఎండలో పెడితే పైన గట్టిపడి లోపల తడి మిగులుతుంది, మెడ, మణికట్టు పగులుతాయి. పగులును పూడ్చేముందు అంచులు తడపండి. లేకపోతే ఎండిన కాగితం కొత్త గుజ్జులోని నీళ్లు పీల్చేసి, అతుకు రాలిపోతుంది.

కళ్ల దగ్గర బొటనవేలితో లోతుగా నొక్కి, అడుగున ఎర్రపూస ఒకటి పెట్టండి. పళ్లకు బియ్యపు గింజలు వాడితే పురుగు పడుతుంది. సుద్దముద్దతోనే చేయండి. నాలుకకు బంకలో ముంచిన నూలుగుడ్డ సరిపోతుంది.

పుర్రెలకు ఒంటిగింజ చెనిక్కాయలు ఏరండి, ఆకారం దాదాపు సిద్ధంగానే ఉంటుంది. రెండుగా విప్పి గింజ తీసేయండి, ఉంచితే నూనె బయటికి ఊరుతుంది. గుజ్జు నింపి అతికి, ఆరాక కాల్చిన దబ్బనంతో రెండు కళ్లు, ఒక ముక్కు పొడవండి. ముండమాలకు 50 పుర్రెలని, అవి అక్షరాలకు గుర్తని చెబుతారు గానీ ఈ కొలతకు 15 మించితే పక్కటెముకలు కప్పేస్తాయి. నిజమైన ఎముకలు, మనిషి జుట్టు మాత్రం వద్దు. జడలకు నల్లరంగు వేసిన జనపనార బాగుంటుంది.

రంగుకు ముందు సుద్ద, బంక కలిపి రెండు పూతలు వేసి, 120 నంబరు గరుకు కాగితంతో రుద్దండి. దీపం మసిని పల్చటి బంకలో కలిపి ఒళ్లంతా పూసి, వెంటనే గుడ్డతో తుడవాలి. నలుపు గుంటల్లో మాత్రం నిలుస్తుంది, పక్కటెముకలు అప్పుడు లేచి కనిపిస్తాయి. ఎరుపు నాలుకకు, కళ్లకే. వంటింటి పసుపు వాడితే వెలుతురుకు వెలిసిపోతుంది. మెరుపు వార్నిష్ వేస్తే గుంటల లోతు చచ్చిపోతుంది, మెరవని రకమే కొనండి.

దసరా కొలువులో పెట్టేటప్పుడు దీపం ఎదురుగా కాకుండా పక్కగా, కిందుగా ఉంచండి. ఇది కాగితపు బొమ్మ, మంటకు రెండడుగులు ఎడం ఉండాలి.